నలభై ఒకటో దవడ

జగన్నాధం తాత పళ్ళు ఆరు ఆయన ఇంటి కప్పు మీద ఉండేవి. మిగతావి నోట్లో ఉండేవి. ఇలా రెండు చోట్ల పళ్ళున్న మనిషి నరసన్నపేట చుట్టుపక్కల ఇంకొకడు లేడని ఆయన భార్య దేముడమ్మ అనేది. అలా పంచి పెట్టింది కూడా ఆవిడే. ఊడిన పన్నుని పేడముద్దలో పెట్టి కప్పు మీదకి విసిరితే కొత్తది మొలుస్తుందని చిన్నపిల్లలకి చెబుతారు కదా, ఆ మాటని ఆవిడ యాభై రెండేళ్ళ మొగుడికి కూడా వర్తింపజేసింది.

"నాకు మల్లీ మొలుస్తాయేటే?" అని తాత అడిగితే, "మొలవకపోతే పోనీ. కింద పారేస్తే కుక్క తొక్కుతాది. కుక్క తొక్కితే కుక్కపల్లొస్తాయట. అప్పుడు సన్నాయి ఊదక్కర్నేదు, కొరికీడమే" అనేది.

ఇదంతా పంతొమ్మిదివందల అరవై ఆరుకీ అరవై తొమ్మిదికీ మధ్య జరిగింది. అప్పటికి ఆయన ఇంకా ఎవరికీ తాత కాదు. ఆ పేరు తర్వాత పుట్టినవాళ్ళు తగిలించారు. అయితే ముప్ఫై ఏళ్ళుగా సన్నాయి ఊది ఊది బుగ్గలు అప్పటికే తాత బుగ్గల్లా వేలాడేవట, అందుకని ఆ పేరుతో పిలవడంలో పెద్ద తప్పు లేదు.

వాళ్ళ కులంలో మగపిల్లాడు పుడితే రెండే దారులు. ఒకటి మేళం, రెండోది మంగలిపొది. తాతకి మేళం దక్కింది. దేముడమ్మ అన్న ఎర్రన్నకి పొది దక్కింది. పొదిలో కత్తి, సానరాయి, గోరుగల్లు, గిన్నె ఉండేవి, అడుగున నూనెగుడ్డలో చుట్టిన పట్టకారు ఒకటి ఉండేది. ఎవరికైనా పన్ను నొప్పెడితే గడ్డం గీసిన చేత్తోనే ఎర్రన్న పన్నూ పీకేవాడు. చెయ్యి చాలా తేలిక. నొప్పి తెలిసేలోపు పన్ను గిన్నెలో ఉండేదని ఊళ్ళో అందరూ అనేవారు. బావలిద్దరికీ ఒకే వయసు. ఆదివారం పొద్దున్న తాత గడ్డం ఎర్రన్న గీసేవాడు, గీస్తున్నంతసేపూ ఒకరినొకరు తిట్టుకునేవారు. మిగతా వారమంతా ఆ తిట్లు తల్చుకుని నవ్వుకునేవారు.

తాత పని వేణుగోపాలస్వామిని నిద్ర లేపడం. తెల్లారకముందే గుడి మెట్ల మీద కూర్చుని భూపాలం ఎత్తుకునేవాడు. దేవుడు లేచేవాడో లేదో తెలీదు గాని ఊళ్ళో ఎడ్లు లేచేవి, ఎడ్లని చూసి మనుషులు లేచేవారు. "నాను ఊదకపోతే సామి పక్కమీదే ఉంటాడు" అని తాత గొప్పగా చెప్పుకునేవాడు. అది గొప్పకి చెప్పుకున్న మాటే అయినా, దాన్ని ఆయన పూర్తిగా నమ్మాడు. చావు మైల వచ్చిన రోజులు తప్ప ముప్ఫై ఏళ్ళలో ఒక్క పొద్దు తప్పలేదు. ఆయనకి వేరే విద్య రాదు. పొలం దున్నడం రాదు, లెక్కలు రావు, వంటింట్లో ఉప్పెక్కడుందో తెలీదు. ఊపిరి బిగబట్టి, పెదవుల మధ్య సన్నాయి పీక పెట్టుకుని ఊదడం ఒక్కటే వచ్చు.

అరవై ఆరు కార్తీకంలో ఒకరోజు భూపాలం మధ్యలో కుడిచెవి ముందర టక్ మంది. చింతగింజ పగిలినట్టు చిన్న చప్పుడు. ఆ తర్వాత నొప్పి. చెవి దగ్గర మొదలై, బుగ్గలోంచి దిగి, కింది దవడపళ్ళ దాకా పాకింది. ఇంటికొచ్చి అంబలి తాగబోతే నోరు రెండు వేళ్ళకన్నా తెరుచుకోలేదు.

"పన్ను పుచ్చింది" అంది దేముడమ్మ. ఆవిడ అడ్డపొగ తాగుతుంది, అంటే చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని పీలుస్తుంది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు చాలామంది అలాగే తాగేవారు. నిప్పు లోపలుంటే పళ్ళకి పురుగు పట్టదని వాళ్ళ నమ్మకం. "నా పల్లు సూడు, ఒక్కటి కదిలిందా? నువ్వూ అడ్డపొగ తాగు మావా."

"నోట్లో నిప్పెట్టుకుని దేవుడికి మేలుకొలుపు పాడమంటావేటే?"

"అయితే అన్న దగ్గరికెల్లు."

ఎర్రన్న నోట్లో వేలు పెట్టి ఒక్కొక్క పన్నూ తట్టి చూశాడు. ఎక్కడ తట్టినా తాత అబ్బా అన్నాడు. ఎర్రన్న కాస్త ఆలోచించి, "పురుగు పైకి కనపడ్డం నేదు బావా. వేరులో ఉన్నాది" అన్నాడు. వెనక దవడపన్ను ఒకటి పీకేశాడు. దేముడమ్మ దాన్ని రక్తంతోనే పేడలో పెట్టి కప్పు మీదకి విసిరింది.

పుండు మానేదాకా ఊదకూడదు కదా. పదిహేను రోజులు తాత మేనల్లుడు కొండబాబు మేలుకొలుపు వాయించాడు. కొండబాబు పెళ్ళిళ్ళలో సినిమాపాటలు వాయించే కుర్రాడు, పాతికేళ్ళవాడు, చేతిలో వేగం ఎక్కువ. పక్కమీద పడుకుని వింటూ తాత, "సామిని లేపమంటే తరిమేస్తన్నాడు" అని విసుక్కునేవాడు. కానీ పదిహేను రోజులయ్యేసరికి నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. తాత ఎర్రన్నకి కల్లు పోయించాడు. ఎర్రన్న తాగి, "సెప్పినాను కదా, వేరులో ఉన్నాదని" అన్నాడు.

మళ్ళీ వాయించడం మొదలుపెట్టిన మూడోవారంలో టక్ మంది.

"పక్క పన్నుకి పాకింది" అన్నాడు ఎర్రన్న. రెండోది పీకాడు. మళ్ళీ పదిహేను రోజులు. మళ్ళీ నొప్పి పోయింది. మళ్ళీ వచ్చింది. ఇలా రెండేళ్ళలో ఆరు పళ్ళు వెళ్ళిపోయాయి. పీకిన ప్రతిసారీ నొప్పి తగ్గేది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మందు పనిచేస్తున్నట్టు అంత స్పష్టంగా కనబడుతుంటే మందుని అనుమానించేదెవడు? పురుగే మాయలమారిది, ముందు ముందుకి పారిపోతోంది అనుకున్నారు. ఆరోది కోరపన్ను. అది పోయాక పెదవి లోపలికి పడింది. పీక పక్కనుంచి గాలి జారి, పైస్థాయికి వెళ్ళినప్పుడల్లా తుస్ మనేది. తాత పెదవిని వేలితో నొక్కిపట్టి వాయించడం అలవాటు చేసుకున్నాడు. ఒక వేలు అలా పోయింది కాబట్టి కొన్ని గమకాలు వదిలేశాడు. ఊరివాళ్ళకి తెలియలేదు. ఎడ్లకి అసలే తెలియలేదు. తాతకి తెలిసింది.

అరవై తొమ్మిది మాఘంలో స్వామి కల్యాణం. పందిట్లో జనం కిక్కిరిసి ఉన్నారు. అర్చకులు వేంకటాచలం గారు మంగళసూత్రం పైకెత్తి, వెనక్కి తిరక్కుండానే గట్టిమేళం అని చెయ్యి ఊపారు. డోలు అందుకుంది. తాత నోరు తెరిచి పీక అందుకోబోయాడు. దవడ టక్ మని పక్కకి జారి అక్కడే ఆగిపోయింది. మూయడానికి రాదు, ఇంకా తెరవడానికి రాదు. పీక పెదవుల మధ్య ఊరికే ఆడుతోంది. దేవుడి పెళ్ళి ఒక్క డోలు మీద జరిగిపోతోంది. జనం అక్షింతలు వేస్తూనే ఉన్నారు. తాత నోరు తెరుచుకుని, కళ్ళంట నీళ్ళు కార్చుకుంటూ స్వామివైపే చూస్తుంటే, పక్కనున్న ముసలమ్మలు అది భక్తి అనుకుని దణ్ణం పెట్టారు. వేంకటాచలం గారు మాత్రం వెనక్కి తిరిగి చూశారు. అప్పటికి కొండబాబు సన్నాయి లాక్కుని ఊదేశాడు.

దేముడమ్మ వేడి గుడ్డతో కాచి కాచి, సాయంత్రానికి దవడ సర్దింది. మర్నాడు ఎర్రన్న పొది పట్టుకుని వచ్చాడు.

"ఇంకొక్కటే బావా. ఇదే ఆఖరుది."

కొండబాబు అడ్డం నిలబడ్డాడు. "ఇంక పీకితే సన్నాయి కాదు, పిల్లంగోవి కూడా పట్టదు. మావని విజీనగరం తీసుకెల్తాను. అక్కడ నోట్లో పల్లకి ఫోటో తీసే డాక్టరొచ్చినాడట."

"పల్లకి ఫోటో ఎందుకురా? పల్లకేటి పెల్లిసూపులా?" అన్నాడు ఎర్రన్న. కానీ పట్టకారు మళ్ళీ గుడ్డలో చుట్టాడు.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలెక్కి విజయనగరం వెళ్ళారు. డాక్టరు పేరు జానకిరామయ్య. చిన్నవాడు, బొంబాయిలో చదివి వచ్చినవాడు. తాత నోట్లో పళ్ళున్న చోటు, లేని చోటు చూశాడు గాని వాటిమీద ఎక్కువసేపు ఆగలేదు. రెండు చెవుల ముందర రెండు వేళ్ళు ఆనించి, తెరవండి, మూయండి, తెరవండి అన్నాడు. టక్. టక్.

"ఏం పని చేస్తారు?"

"సన్నాయి బాబూ. సామికి మేలుకొలుపు."

డాక్టరు ఆయన చెంపకి ఒక పలక ఆనించి, తల పక్కకి వంచి, గొట్టంలాంటి యంత్రంతో ఫోటో తీశాడు. చీకటిగదిలోకి వెళ్ళి కాసేపటికి తడి కారుతున్న ఫిల్ము ఒకటి పట్టుకొచ్చి కిటికీకి ఎదురుగా ఎత్తి చూపించాడు. కిటికీ పక్కన తీగమీద అలాంటివే ఇంకా కొన్ని ఆరుతున్నాయి.

"ఇదిగో, ఇది మీ దవడ. ఇక్కడ చెవి ముందర తలుపుకి బందులాగా ఒక కీలు ఉంటుంది. దాని తల గుండ్రంగా ఉండాలి. మీది అరిగి చదునైపోయింది. ఈ అంచున చూడండి, ముల్లులాగా పెరిగింది. మోకాలికి కీళ్ళవాతం వస్తుందే, అదే. ఇక్కడొచ్చింది."

తాతకి ఫిల్ములో మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. "బండి ఇరుసు అరిగిపోయినట్టేనా బాబూ?"

"అచ్చం అలాగే." డాక్టరు ఉత్సాహంగా బల్లమీది నోటుబుక్కు తీశాడు. "ఇది మీ ఒక్కరిదే కాదు. పంటినొప్పి అని వచ్చి ఇక్కడ ఫోటో తీయించుకున్నవాళ్ళు ఈ ఏడాదిలో నూటపన్నెండుమంది. అందరి కీలూ చూసి రాసి పెడుతున్నాను. మీతో కలిపి నలభై ఒక్కమందికి అరిగింది. ఎంత మామూలో చూడండి. సగంమందికి అక్కడ కీలుందనే తెలీదు."

మామూలే అంటే మనిషికి ధైర్యం వస్తుందని డాక్టరు అనుకున్నట్టున్నాడు. తాత ఆ నోటుబుక్కు వైపు చూసి అడిగాడు.

"మిగతా నలబైమందీ ఏటి వాయిస్తారు బాబూ?"

"వాయించడమా? ఎవరూ ఏమీ వాయించరు. ఒకాయన ప్లీడరు గుమాస్తా. ఒకావిడ కళింగపట్నంలో చేపలు ఎండబెడుతుంది. ఒకాయన మేష్టారు."

"అయితే మరి ఆల్లకేటి పోయింది?"

డాక్టరు నోటుబుక్కు మూసేశాడు.

తాతే మళ్ళీ అన్నాడు. "పల్లు పీకిస్తే మరి తగ్గీది బాబూ. పీకినప్పుడల్లా తగ్గీది. ఆరుసార్లు తగ్గింది."

"పీకించాక ఎన్నాళ్ళు వాయించేవారు కాదు?"

"పుండు మానీదాకా. పదేను రోజులు."

డాక్టరు ఏమైనా అనకముందే తాతకి అర్థమైపోయింది. సన్నాయి వాయించేవాడికి విరామమంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

"తగ్గింది ఆ పదిహేను రోజుల వల్ల" అన్నాడు డాక్టరు. "పళ్ళ వల్ల కాదు. అవి బహుశా మంచి పళ్ళే. అవి పోవడంతో ఆ పక్క నమిలే బరువంతా కీలు మీదే పడింది."

"మొదట్లోనే ఊరుకునుంటే?"

"ఆరు నెలలు వాయించకుండా ఉంటే కొంత నిలబడేదేమో. కచ్చితంగా చెప్పలేను."

"ఇప్పుడు ఊరుకుంటే?"

"నొప్పి తగ్గుతుంది. మెత్తటివి తినండి, వేడి కాపడం పెట్టుకోండి. సన్నాయి మాత్రం వద్దు."

ఎన్నాళ్ళు వద్దో తాత అడగలేదు. ఆ ఫిల్ము ఇస్తావా అని అడిగాడు. లెక్కకి కావాలి, ఇవ్వలేనన్నాడు డాక్టరు. అలా తాత దవడ నలభై ఒకటో అంకె కింద విజయనగరంలో ఉండిపోయింది, తాత ఇంటికి వచ్చాడు.

రైల్లో కొండబాబు ఎంత అడిగినా డాక్టరు ఏమన్నాడో తాత చెప్పలేదు. డాక్టరు గదిలోకి కొండబాబుని రానివ్వలేదు కాబట్టి వాడికి ఏమీ తెలీదు. తాత ఒకటే అన్నాడు, ఇంక ఉదయం మేళం నువ్వే చూసుకోమని. వాడు తల వంచుకుని, నెలకి ఇరవై రోజులు పెళ్ళిళ్ళే మావా, రోజూ అంటే కుదరదు అన్నాడు.

కిటికీ దగ్గర కూర్చుని తాత ఆలోచించింది మాత్రం ఎర్రన్న గురించి. కొండనాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టు అనే సామెత ఆ ఊళ్ళో రెండేళ్ళ పిల్లకి కూడా వచ్చు. నిజం చెబితే సాయంత్రానికి ఆ సామెత ఎర్రన్న ఇంటిపేరు అయిపోతుంది. రేవు దగ్గర అంటారు, కల్లుపాక దగ్గర అంటారు. పొది ముందర కూర్చున్నవాడు గడ్డం నిమురుకుంటూ అంటాడు. వినేది ఎర్రన్న. ఆరు పళ్ళూ పీకింది ప్రేమతోనే కదా.

బస్సు దిగేసరికి ఎర్రన్న రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఏటన్నాడు బావా?"

"ఎవులు పీకినారని అడిగినాడు. మా బావని సెప్పినాను. సేయి బంగారంలాంటిదన్నాడు. రోగం పల్లు దాటి ఎముక్కి ఎలిపోయిందట. దానికి మందు నేదన్నాడు."

ఎర్రన్న నెమ్మదిగా లేచి నిలబడి, "బంగారమన్నాడా? బొంబాయి డాక్టరు?" అన్నాడు.

"ఆ."

అబద్ధం చెప్పేవాళ్ళకి అది ఎక్కడిదాకా పోతుందో ముందు తెలీదు. తాతకి అసలే అబద్ధాలాడే అలవాటు లేదు. వారం తిరిగేసరికి బొంబాయి డాక్టరు మెచ్చుకున్న చెయ్యి అని ఎర్రన్నకి పేరొచ్చింది. నరసన్నపేట సంతకి వచ్చినవాళ్ళు అటునుంచి అటే ఎర్రన్న వసారాకి వచ్చి దవడ పట్టుకుని కూర్చునేవారు. తాతకి పని లేదు. పొద్దున్నే బావ ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చునేవాడు. కూర్చుని వాళ్ళ నోళ్ళు వినేవాడు. అవును, వినేవాడే. ముప్ఫై ఏళ్ళు శ్రుతి పట్టిన చెవి. నోరు తెరిచినప్పుడు ఎవరి దవడ టక్ మంటోందో ఎర్రన్నకి వినబడేది కాదు, తాతకి వినబడేది. పదిమందిలో ముగ్గురు. ఒక్కోరోజు నలుగురు. డాక్టరు నోటుబుక్కు ఆయన కళ్ళముందు పేజీ తిప్పుకుంటూ పోయింది.

లక్ష్మణమ్మ అనే ఆవిడ వచ్చింది. నాట్లు వేసే మనిషి, నోట్లో అడ్డపొగ. తాత ఆవిడని పక్కకి పిలిచాడు.

"పదేను రోజులు గట్టిది నమలకు. ఆ సుట్ట పట్టి దవడ బిగించకు. అప్పటికీ తగ్గకపోతే రా, పీకించుకో."

"నువ్వు ఆరు పీకించుకున్నావు కదయ్యా. నాకు ఒక్కటికే అడ్డెడతావేటి?"

దానికి తాత దగ్గర జవాబు ఉంది. బయటికి తీయడానికి మాత్రం లేదు. లక్ష్మణమ్మ వసారాలోకి వెళ్ళి పన్ను గుడ్డలో కట్టుకుని వచ్చింది. ఇలా ఎంతమందికి చెప్పాడో, విన్నవాళ్ళు ఒకరో ఇద్దరో. ఎర్రన్నకి అది కూడా నచ్చలేదు.

"నా దగ్గరికొచ్చినోలని తిప్పి పంపుతన్నావట. నీకు రోగం తగ్గనేదని అందరికీ తగ్గదనా బావా?"

"కాదురా."

"మరేటి?"

తాత తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికి వచ్చేశాడు. మూడ్రోజులు ఎర్రన్న ఇంటికి వెళ్ళలేదు.

ఈలోపు గుడికి మైకుసెట్టు వచ్చింది. వేంకటాచలం గారు మొహమాటంగా ఇంటికొచ్చి, రోజూ కొండబాబు రాలేడు, స్వామి నిద్ర లేవకుండా ఉండకూడదు కదా, గ్రామఫోను ప్లేటు వేస్తాం, అంతే, నీ మేళం హక్కు నీకే ఉంటుంది అన్నారు. హక్కు ఎలా ఊదుతారో తాతకి తెలీలేదు. మర్నాడు తెల్లవారుజామున ఎవరో తెలియని విద్వాంసుడు వేపచెట్టుకి కట్టిన బాకాలోంచి భూపాలం వాయించాడు. బాగా వాయించాడు. ఎడ్లు లేచాయి. దేముడమ్మ లేచి, పక్కమీద కళ్ళు తెరుచుకుని పడుకున్న మొగుణ్ణి చూసి, "ఆడి కంటే నువ్వే మేలు మావా" అంది.

"అబద్ధాలాడకే" అన్నాడు తాత.

వైశాఖంలో కప్పు మార్చాలి. పాత గడ్డి దించి కొత్త గడ్డి వేయడానికి బావ రాక తప్పదు, ఎంత అలిగినా అది మర్యాద. ఎర్రన్న వచ్చాడు, పలకరించకుండానే కింద నిలబడి, పైనుంచి మనుషులు లాగేస్తున్న గడ్డిని పక్కకి ఈడుస్తున్నాడు. అందులోంచి ఒకటి రాలింది. ఇంకొకటి రాలింది. ఎండిన పేడ ఎప్పుడో రాలిపోయింది. రెండు వర్షాకాలాలు కడిగి, రెండు వేసవులు ఎండబెట్టిన పళ్ళు. ఎర్రన్న వంగి ఏరాడు. నాలుగు దొరికాయి.

అరచేతిలో పెట్టుకుని ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. పీకిన రోజున అవి రక్తంలో ఉన్నాయి, చెల్లెలు ఆయన చేతిలోంచి లాక్కుని పేడలో పెట్టేసింది. ఇప్పుడు తెల్లగా ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా పళ్ళు పీకిన మనిషికి పుచ్చిన పన్నేదో చెప్పక్కర్లేదు. పళ్ళ వేళ్ళు కూడా చూశాడు. మూడో పన్ను వేరు కొక్కెంలా వంగి ఉంది, అది రావడానికి ఎంత కష్టపడ్డాడో ఆయనకి గుర్తుంది. ఒక్కదానికీ చిల్లి లేదు, మచ్చ లేదు. వేరులో పురుగు ఉండే చోటే లేదు.

తాత అరుగు మీదనుంచి చూస్తూనే ఉన్నాడు.

"బావా" అన్నాడు ఎర్రన్న, అరచేతిలోంచి తల ఎత్తకుండా. "ఆ డాక్టరు నిజంగా ఏటన్నాడు?"

"సెప్పినాను కదరా."

"మల్లీ సెప్పు."

"సేయి బంగారమన్నాడు."

ఎర్రన్న ఆ నాలుగూ మొలలో దోపుకుని, సాయంత్రం దాకా గడ్డి ఈడ్చాడు.

ఆదివారం పొద్దున్న మామూలుగా పొది తెచ్చుకుని వచ్చాడు. తాత అరుగు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఈసారి తిట్లు లేవు. ఎర్రన్న నీళ్ళు రాసి, ఎడంచెంప గీసి, కుడిచెంపకి వచ్చాడు. చర్మం బిగలాగడానికి బొటనవేలు చెవి ముందర ఆనించాడు. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి ఆదివారం అక్కడే ఆనించేవాడు. ఈసారి వేలు అక్కడే ఆగిపోయింది.

"నోరు తెరు."

తాత తెరిచాడు. వేలి కింద టక్ మంది.

"మూయి."

టక్ మంది.

"ఎన్నాల్లనుంచి ఇది?"

ఎర్రన్న జవాబు కోసం ఆగలేదు. కత్తి మళ్ళీ గిన్నెలో ముంచి, ఆ చెంపని చాలా నెమ్మదిగా, పసిపిల్లాడి తల గీసినట్టు గీశాడు. పొది అడుగున నూనెగుడ్డ ఖాళీగా ఉండటం తాత చూశాడు. పట్టకారు ఎక్కడుందో ఆ మర్నాడు తెలిసింది. మైకుసెట్టువాడు దానితో తీగలు మెలితిప్పుకుంటూ, మంచి పట్టు ఉంది దీనికి, మీ బావ ఊరికే ఇచ్చేశాడు అని చూపించాడు.

ఎర్రన్న వసారాకి మనుషులు ఇంకొన్నాళ్ళు వచ్చారు, దవడలు పట్టుకుని. ఇక్కడ పీకరు, వెళ్ళండి అనేవాడు. ఎక్కడికి వెళ్ళాలో చెప్పేవాడు కాదు. వాళ్ళు నరసన్నపేటలో ఇంకెవరి దగ్గరికో వెళ్ళి పీకించుకునేవారు.